గాల్ బ్లాడర్ తీసేశాక ఎంజైమ్ మాత్రలు జీవితాంతం వాడాలా?

మారతహళ్లిలో మా మెడికల్ షాపుకి వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు, ఫోన్‌లో ఏదో డబ్బా ఫొటో చూపించి "అన్నా, గాల్ బ్లాడర్ తీసేశారు, ఇక ఏదీ అరగదంట, ఇది జీవితాంతం వాడాలంట, ఉందా?" అంటూ. ఆ "అంట" ఎవరన్నదో మాత్రం ఒక్కరికీ తెలియదు.

జేబుకి ఎక్కువ చిల్లు పెట్టేది ఈ అపోహే. తిండిని అరిగించే ఎంజైములు పిత్తాశయంలో, అంటే గాల్ బ్లాడర్‌లో పుట్టవండీ, ఎక్కువగా ప్యాంక్రియాస్ (క్లోమం) నుంచి వస్తాయి, దాన్నెవరూ తీయలేదు. నూనె, నెయ్యి అరగడానికి సాయపడే పిత్తరసం కూడా అక్కడ తయారు కాదు. అది లివర్ పని, రోజుకి అర లీటరు పైనే. మన బెంగళూరు ఇళ్ల లెక్కలో చెప్పాలంటే లివర్ బోరు, గాల్ బ్లాడర్ సంపు. సంపు పూడ్చేసినా బోరు నడుస్తూనే ఉంటుంది, కాకపోతే నిల్వ ఉండదు, సన్నగా పేగులోకి కారుతుంటుంది. అందుకే కొత్తలో ఒకేసారి నాలుగు పూరీలు లాగిస్తే ఇబ్బంది. కొంచెం కొంచెంగా తింటే చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

పోయినేడాది గుంటూరు నుంచి కొడుకు దగ్గరికొచ్చిన ఒక పెద్దావిడకి, పాపం, ఆపరేషనైన మూడు నెలలకీ తిన్న వెంటనే బాత్రూమ్‌కి పరుగే. కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించిన క్యాప్సూళ్లు మొదలెట్టాక ఇంకా ఎక్కువైంది. డబ్బా తిప్పి చూస్తే ఆక్స్ బైల్, అంటే పశువుల పిత్తం. ఆవిడేమో ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి! చెప్పడానికి నాకు నోరు రాక కొడుకుని పక్కకి పిలిచాను. అసలే పిత్తరసం పెద్దపేగులోకి ఎక్కువగా చేరి విరేచనాలవుతుంటే, పైనుంచి ఇంకాస్త పోశారన్నమాట. డాక్టర్ దగ్గరికి పంపిస్తే పిత్తాన్ని పట్టి ఉంచే కొలెస్టిరమిన్ పొడి రాశారు. దానికీ ఆవిడ వాడే థైరాయిడ్ మాత్రకీ కనీసం 4 గంటల ఎడం ఉండాలని నేను చీటీ మీద రాసిచ్చాను, ఆవిడ రెండూ పొద్దున్నే వేసుకునేలా ఉన్నారని.

పిత్తాశయంలో రాళ్ల గురించి మిగతా అపోహలు గబగబా. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే ఆకుపచ్చ రాళ్లు పడ్డాయంటారు, అవి కడుపులో ఆ నూనెతోనే తయారైన సబ్బు ముద్దలు. రాళ్లు కరిగించే అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ మాత్ర ఉన్నమాట నిజమే, కానీ చిన్న కొలెస్టిరాల్ రాళ్లకే, అదీ నెలల తరబడి వాడితే. రాళ్లుండగా పసుపు క్యాప్సూళ్లు వద్దు, పిత్తాశయాన్ని పిండేస్తాయి. కూరలో వేసే పసుపుతో టెన్షన్ అక్కర్లేదు.

కళ్లు పచ్చబడినా, చలిజ్వరంతో కుడి డొక్కలో నొప్పొచ్చినా, ఆపరేషనైపోయిందిగా అనుకోకండి, పిత్తనాళంలో రాయి మిగిలి ఉండొచ్చు. అప్పుడు నా షాపుకి కాదు, నేరుగా ఆసుపత్రికి.