తోక చెప్పే లెక్క

సౌతాంప్టన్, ఇంగ్లండు,
అక్టోబరు, ఆదివారం

చిరంజీవులు చిన్నికి, బాబ్జీకి తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి. మీ అత్త, మామయ్య బాగున్నారు. నాకు చలి తప్ప ఇంకే ఇబ్బందీ లేదు. నాయనమ్మతో మాత్రం చలి సంగతి చెప్పకండి, ఇంకో రెండు స్వెట్టర్లు పార్సిలు చేస్తుంది.

మొన్న వీడియో కాల్‌లో బస్టాపు దగ్గర నిలబడ్డ గుర్రాన్ని చూపించినప్పుడు బాబ్జీ రెండు ప్రశ్నలు అడిగాడు. ఆ గుర్రం ఎవరిది? ఎవరిదీ కాకపోతే మనం ఒకటి తెచ్చుకోవచ్చా? నేను నోరు తెరిచేసరికి ఫోను ఆగిపోయింది. మళ్లీ చేసి చెప్పవచ్చు గానీ, ఫోన్లో చెబితే మీరు సగం విని సగం గాలికి వదిలేస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ముప్పై ఏళ్లు పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసినవాణ్ణి. ఆవులు, గేదెల గురించి రాత్రంతా చెప్పమన్నా చెబుతాను. గుర్రాల దగ్గర మాత్రం నేనూ ఒకటో తరగతే. ఇక్కడ చూసినవీ, అడిగి తెలుసుకున్నవీ రాస్తున్నాను.

ఇక్కడికి దగ్గర్లోనే న్యూ ఫారెస్ట్ అనే చోటు ఉంది. పేరుకు కొత్త అడవి, వయసు తొమ్మిది వందల ఏళ్ల పైమాటే. 1079లో విలియం అనే రాజు జింకల వేట కోసం దాన్ని తనకు అట్టిపెట్టుకున్నాడు. అడవి అనగానే నల్లమల గుర్తు తెచ్చుకోకండి. కొంత చెట్లు, కొంత బురద నేల, మిగతాదంతా కంప పెరిగిన బీడు. మధ్యమధ్య ఊళ్లు, రోడ్లు, బడులు, చాయ్ దుకాణాలు కూడా ఉన్నాయి. గుర్రాలు వీటన్నిటి మధ్యా వాటి ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటాయి. పొట్టివి. ఎంత ఎదిగినా మెడ మొదట్లో కొలిస్తే 148 సెంటీమీటర్లు దాటకూడదు. మా చిన్నప్పుడు ఇలాంటి వాటిని తట్టువలు అనేవాళ్లు, ఇప్పుడా మాట ఎవరూ అనడం లేదు.

రాజు అడవిని తీసుకున్నాడు కదా, మరి అక్కడున్న రైతుల సంగతి? జింకలు అడ్డం లేకుండా తిరగాలి కాబట్టి పొలాలకు కంచెలు వేసుకోకూడదన్నాడు. కంచె లేని పొలం ఎలా ఉంటుందో చేను మేసిన గేదెను తోలిన మీ నాన్నను అడగండి. దానికి బదులుగా వాళ్ల పశువుల్ని ఆ బీడులో మేపుకునే వీలు మిగిలింది. తర్వాత వేట పోయింది, రాజుల పెత్తనం పోయింది, మేత హక్కు మాత్రం ఈనాటికీ ఉంది. విచిత్రమేమిటంటే ఆ హక్కు మనిషిది కాదు. ఫలానా ఇంటికి, ఫలానా నేల చెక్కకు అంటుకుని ఉంటుంది. ఆ చెక్క కొన్నవాడికి హక్కు వస్తుంది, అమ్ముకున్నవాడికి పోతుంది. హక్కున్న వాళ్లను కామనర్లు అంటారు.

కాబట్టి బాబ్జీ మొదటి ప్రశ్నకు జవాబు: ప్రతి గుర్రానికీ యజమాని ఉన్నాడు. ఇక్కడికి వచ్చిపోయే వాళ్లంతా వీటిని అడవి గుర్రాలంటారు. ఫోటోల కింద కూడా అలాగే రాస్తారు. అది తప్పు. మన వైపు పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి ‘అచ్చోసిన ఆంబోతు’ అని తిడతారు కదా, ఆ మాట ఎక్కడిదో తెలుసా? దేవుడి పేరు మీద కోడెకు అచ్చు వేసి ఊరి మీద వదిలేవాళ్లు. అది ఎవరి చేలో పడ్డా కొట్టేవాళ్లు కాదు. ఇక్కడి గుర్రాలకూ ఒంటి మీద అచ్చు ఉంటుంది. కాకపోతే అర్థం తిరగబడింది. ఆంబోతు మీద అచ్చుంటే అది ఏ ఒక్కరి సొత్తూ కాదని. గుర్రం మీద అచ్చుంటే ఫలానా కామనరుదని. ఎవరి అచ్చు ఏదో రిజిస్టరులో రాసి ఉంటుంది.

దూరం నుంచి అచ్చు కనపడదు. అప్పుడు తోక చూడాలి. బస్టాపు గుర్రానికి తోక చివర మెట్టు మెట్టుగా కత్తిరించి ఉంది, మీరు చూశారో లేదో. ఎవడో తుంటరి పని అనుకున్నాను నేను. కాదట. ఈ గుర్రాల మంచిచెడ్డలు చూడటానికి అజిస్టర్లు అని ఐదుగురు ఉద్యోగులున్నారు. ఒక్కొక్కరికీ ఒక ప్రాంతం, ఒక్కొక్కరిదీ ఒక తోక కత్తిరింపు. యజమాని ఆ ఏడాది రుసుము కట్టాడంటేనే తోక కత్తిరిస్తారు. అంటే తోక చూస్తే చాలు, గుర్రం ఎవరి ఇలాకాలోదో, దాని బాకీ తీరిందో లేదో తెలిసిపోతుంది. రేషను కార్డు, రసీదు పుస్తకం రెండూ తోకలోనే.

మేతకు రుసుము అనగానే నాకు పుల్లరి గుర్తొచ్చింది. మీ పాఠంలో కన్నెగంటి హనుమంతు పేరు వచ్చే ఉంటుంది. పల్నాడు అడవిలో పశువులు మేపినందుకు పన్ను కట్టమంటే కట్టనన్నాడు. 1922లో తుపాకి గుండ్లకు బలయ్యాడు. ఇక్కడ ఆ పన్నుతోనే గుర్రాలను చూసుకునే వాళ్ల జీతాల్లో కొంత గడుస్తోంది, గొడవేమీ లేదు. పన్ను ఒకటే, తేడా ఎక్కడుందా అని చాలాసేపు ఆలోచించాను.

ఇక్కడి వాళ్లకూ పోరాటం లేకుండా దక్కలేదు. 1851లో ఒక చట్టం వచ్చింది. జింకల్ని తీసేస్తాం, బదులుగా కలప కోసం చెట్లు నాటి కంచెలు వేసుకుంటాం అని ప్రభుత్వం అంది. బీడంతా తోటలైపోతే గుర్రాలు ఏం తినాలి? కామనర్లు పాతికేళ్లు పోరాడారు. 1877లో ఇంకో చట్టం వచ్చి, ఇక కొత్త కంచెలు కుదరవంది. అడవి వ్యవహారాలు తేల్చే పాతకాలం నాటి వర్డరర్ల కోర్టును కామనర్ల పక్షాన కొత్తగా నిలబెట్టింది. సరిగ్గా ఐదేళ్లకు, 1882లో, అదే దేశం వాళ్లు మన దగ్గర మద్రాసు అటవీ చట్టం చేశారు. ఊరి వాళ్లు మేపుకునే అడవి ఆ చట్టంతో రిజర్వు అడవి అయిపోయింది. వాళ్ల ఇంటి దగ్గర ఒక న్యాయం, మన ఇంటి దగ్గర ఇంకొకటి. ఇది మీ పాఠంలో ఉండదు, అందుకే రాస్తున్నాను.

ఆ వర్డరర్ల కోర్టు లిండ్‌హర్స్ట్ అనే ఊళ్లో ఇప్పటికీ నడుస్తోంది. పదిమంది ఉంటారు. ఐదుగురిని కామనర్లు ఓట్లేసి ఎన్నుకుంటారు, పెద్ద వర్డరరును రాజు నియమిస్తాడు, మిగతా నలుగురూ అటవీ శాఖ, నేషనల్ పార్కు లాంటి వాటి తరఫున వస్తారు. కోర్టు మొదలయ్యే ముందు అజిస్టరు లేచి నిలబడి, చెప్పుకోవాల్సింది ఉన్నవాళ్లెవరైనా ముందుకు రండి, వింటాం అని గట్టిగా కేకవేస్తాడు. మన ఊళ్లో దండోరా వేసినట్టే. కామనరే కానక్కర్లేదు, మామూలు మనిషి వెళ్లి రోడ్డు గురించో, గేటు గురించో విన్నవించుకోవచ్చు.

ఇక అసలు సందడి సంగతి. ఎండాకాలం చివరి నుంచి ఈ రోజుల దాకా డ్రిఫ్ట్ అని జరుగుతుంది. అజిస్టర్లు, కామనర్లు, వాళ్ల పిల్లలు కూడా గుర్రాలెక్కి, బీడు మీదున్న మందల్ని తరిమి ఒక కొయ్య దొడ్డిలోకి తోలుతారు. నేను దూరంగా గట్టు మీద నిలబడి చూశాను. ముందు ఏమీ కనపడలేదు. తర్వాత నేల అదిరింది, ఆ వెనక కంపల మధ్య నుంచి ముప్పై నలభై గుర్రాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. దొడ్డిలోకి వచ్చాక తోకలు కత్తిరించారు, ఈ ఏడాది పిల్లలకు అచ్చులు వేశారు. రాత్రిపూట కార్ల లైట్లకు మెరిసే పట్టీలు కొన్నింటి మెడకు కట్టారు. చిక్కిపోయిన వాటిని పక్కకు తీశారు. చలికాలం తట్టుకోలేదనుకుంటే యజమాని ఇంటికి తోలుకుపోవాలి. తోలుకుపోకపోతే అజిస్టరు ఊరుకోడు. ఆ పిల్లల్లో నీ ఈడు పిల్ల ఒకతి ఉంది చిన్నీ, గుర్రం మీద కూర్చుని అన్నం తినేట్టుంది, అంత ధీమా.

అన్నీ ఆడగుర్రాలే ఎందుకు కనిపిస్తాయని అడిగాను. మగపిల్లల్లో చాలావాటిని ముందే తీసేస్తారట. పరీక్షలో నెగ్గిన కొన్ని మగగుర్రాల్ని మాత్రం ఏడాదిలో కొద్ది వారాలు బీడు మీదికి వదులుతారు. ఎక్కువ వదిలితే పిల్లలు ఎక్కువ పుడతాయి, కొనేవాళ్లుండరు, ధర పడిపోతుంది. ధరలేని జంతువు బతుకు ఎలా ఉంటుందో నేను ఉద్యోగంలో చాలా చూశాను. మరీ తక్కువ వదిలితే జాతి పలచబడిపోతుంది. 1945లో ఈ గుర్రాలు ఆరు వందలు కూడా లేవు, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. మధ్యలో జాతి బాగుచేద్దామని బయటి రక్తం కూడా కలిపారు. 1852లో విక్టోరియా మహారాణి తన అరబ్బు గుర్రాన్నే పంపింది. 1930ల నుంచి అది మానేశారు, ఈ నేలలో పుట్టిన జాతి మగగుర్రాల్నే వదులుతున్నారు. మన ఒంగోలు జాతి బ్రెజిల్ పోయి నెల్లూరు పేరుతో లక్షలకు లక్షలైంది, ఒంగోలు చుట్టుపక్కల మాత్రం వెతుక్కోవాల్సి వస్తోంది. ఆ బాధ ఉన్నవాణ్ణి కాబట్టి వీళ్ల పట్టుదల నాకు నచ్చింది.

గుర్రాలు లేకపోతే ఈ బీడు కూడా ఇలా ఉండదు. ఇక్కడ గోర్స్ అని ఒక కంప ఉంది, పసుపు పూలు, ఒళ్లంతా ముళ్లు. మన మేక కూడా దాని జోలికి పోవడానికి ఆలోచిస్తుంది. ఈ గుర్రాలు చలికాలంలో దాన్ని నమిలేస్తాయి. కొన్నింటికి పైపెదవి మీద మీసం కూడా ఉంటుంది. అవి మేయడం మానేస్తే కంప, చెట్లు కమ్ముకుని, గడ్డిలో చిన్నచిన్న పూలమొక్కలన్నీ నీడకు చచ్చిపోతాయి. ఒక్కటే వాటికి పడదు, ఓక్ చెట్టు కాయలు. ఎక్కువ తింటే విషం. అందుకని ఈ రోజుల్లో పందుల్ని వదులుతారు. నవ్వకండి, నిజమే. కాయలు రాలే కాలంలో కనీసం అరవై రోజులు పందులు అడవిలో తిరిగి వాటిని ఏరుకు తింటాయి. నేల తవ్వకుండా వాటి ముక్కుకు రింగు ఉంటుంది. మొన్న మామయ్య కారుకు అడ్డంగా ఒక పంది, ఏడు పిల్లలు నింపాదిగా నడిచి వెళ్లాయి. అది దాటేదాకా రెండు వైపులా కార్లు ఆగాయి, ఒక్కడు కూడా హారను కొట్టలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. వచ్చిన కొత్తలో బర్లీ అనే ఊళ్లో ఒక గుర్రం నా సంచి వాసన చూసింది. పాపం ఆకలేమో అని అరటిపండు తీశాను. బురద బూట్లతో ఒక ఆవిడ పరుగున వచ్చి, మర్యాదగానే, పెట్టకండి అంది. 2023 జులైలో ఇక్కడ గుర్రాలకు తిండి పెట్టినా, వాటిని నిమిరినా వంద పౌన్ల జరిమానా అని నియమం పెట్టారు. జరిమానా సంగతి సరే, ముప్పై ఏళ్ల కాంపౌండరుకు ఆ మాత్రం తట్టలేదా అని సిగ్గేసింది. గేదెకు కడుపు ఉబ్బితే నూనె తాగిస్తాం, మరీ ముదిరితే డాక్టరు గారు గొట్టం గుచ్చి గాలి తీస్తారు. గుర్రం కడుపు అలాంటిది కాదు. దానికి వాంతి రాదు. పడనిది లోపలికి పోతే శూల వచ్చి, పొర్లి పొర్లి చచ్చిపోతుంది. ఇళ్లలో కత్తిరించిన పచ్చిగడ్డి కుప్ప తెచ్చి ప్రేమగా పోసినా అంతే, కడుపులో పులిసిపోతుంది. ఇంకో సంగతి, ఒకసారి చేతి రుచి మరిగిన గుర్రం బీడులోకి పోదు. రోడ్డు పక్కనే కాసుకుని ఉంటుంది.

రోడ్డే వీటికి యముడు. అడవి లోపల కంచె లేని రోడ్ల మీద గంటకు నలభై మైళ్లు, అంటే అరవై నాలుగు కిలోమీటర్లు దాటకూడదు. బయటికి పోకుండా 1960లలో చుట్టూ కంచె కట్టి, రోడ్ల మీద ఇనుప కమ్మీల గ్రిడ్లు వేశారు. కారు దాటుతుంది, డెక్క దాటలేదు. ఎండాకాలంలో జోరీగల బాధకు అవి నీడకూ, ఒక్కోసారి నడిరోడ్డుకూ వచ్చి గుంపుగా నిలబడతాయి. చీకట్లో నల్ల గుర్రం కనపడదు. ఏటా పదుల కొద్దీ చచ్చిపోతున్నాయి. గుద్దినవాడు పోలీసులకు చెప్పి తీరాలి. అర్ధరాత్రి ఫోను వస్తే అజిస్టరు లేచి రావాలి, బతకదనుకుంటే అక్కడే తుపాకితో బాధ తీర్చాలి. పొద్దున తోక కత్తిరించిన చేత్తోనే.

కామనర్లకు దీని మీద లాభం ఉందా అంటే, నాకు కనపడలేదు. బ్యూలీ రోడ్ అనే స్టేషను పక్కన సంత జరుగుతుంది, అక్కడ పిల్లల్ని అమ్ముతారు. చాలాసార్లు ఖర్చులు కూడా రావట. పైగా ఇక్కడ ఇళ్ల ధరలు కొండెక్కాయి. కామనర్ల పిల్లలకు హక్కున్న ఇల్లు కొనే స్తోమత లేదు. కొన్నవాళ్లకు గుర్రాల మీద ధ్యాస ఉండదు. చట్టం గట్టిగానే ఉంది, గుర్రాల్ని బీడులోకి వదిలేవాళ్లు తగ్గితే ఏం చేస్తారో చూడాలి.

ఇక బాబ్జీ రెండో ప్రశ్న. తెచ్చుకోవచ్చు నాన్నా, ఆ సంతలో కొనుక్కుని. విమానం టికెట్టు సంగతి పక్కన పెడదాం. తెచ్చాక దాన్ని ఎక్కడ మేపుతాం? నా చిన్నప్పుడు మన ఊరి చెరువు వెనక మేత పోరంబోకు ఉండేది, మా పశువులన్నీ పొద్దున అక్కడే. దాని అంచున రాతి గోడల బందెలదొడ్డి. పరాయి చేలో పడ్డ పశువును అందులో పెట్టి తాళం వేసేవాళ్లు. మా ఎర్రావును విడిపించుకోవడానికి మా నాయనతో నేనూ వెళ్లాను. నాయనమ్మకు చోటు తెలుసు. ఈ ఆదివారం ఆవిణ్ణి తీసుకుని వెళ్లి చూడండి. గోడ ఉందా, పోరంబోకు ఎంత మిగిలింది, ఇప్పుడు అందులో ఏముంది, అడుగులతో కొలిచి నాకు రాయండి. తలుపుకు ఒక పెద్ద ఇనుప గొళ్లెం ఉండేది. అదుంటే ఫోటో తీసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య