పసుపు మరక చెప్పే మెదడు సంగతి

తెనాలి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా అత్తగారికి మతిమరుపు మొదలైంది. రోజూ రాత్రి పసుపు పాలు ఇస్తున్నాం. పనిచేస్తుందా అండీ?"

పసుపుతో ఆ జబ్బు తగ్గుతుందనడానికి ఇప్పటిదాకా గట్టి రుజువు లేదమ్మా. ఎందుకు లేదో మీ ఇంట్లో పసుపు మరకే చెబుతుంది.

పెళ్లిలో కట్టిన తెల్ల పంచెకు అంటిన మరకను ఉతికి చూడండి. చన్నీళ్లకు కదలదు. సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. ఆరేస్తే మన గుంటూరు ఎండకు వెలిసిపోతుంది. పసుపులోని రంగు పదార్థం కర్కుమిన్ ఒంట్లో పడే పాట్లు చాలావరకు ఇవే.

కర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పేగులో ఉన్నదంతా నీళ్ల వ్యవహారం కాబట్టి మింగినదాంట్లో రక్తంలోకి చేరేది బహు స్వల్పం.

ఇక ఎర్రబడటం. దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయి. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణీ అదే. ఆ ఎరుపుకు దిష్టితో సంబంధం లేదు. సున్నం క్షారం, క్షారంలో కర్కుమిన్ అణువు రూపు మారుతుంది. ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పే మాస్టార్లు లిట్మస్ కాగితం కోసం ఎదురుచూడకుండా ఈ పళ్లెం తెచ్చి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు. ఎరుపుతోనే ఆగదు, ఆ అణువు విరిగిపోతుంది కూడా. ఒంటి వేడి దగ్గర, పీహెచ్ 7.2 ఉన్న, అంటే కాస్తంత క్షారమైన ద్రావణంలో అరగంటకే పదింట తొమ్మిది వంతులు పోతుంది. రక్తంలో ఇంకాసేపు నిలుస్తుంది గానీ, కాలేయం దానికి నీళ్లలో కరిగేలా చేసే గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి బయటికి పంపేస్తుంది. మిరియాల్లోని పైపెరిన్ ఆ పనికి అడ్డుపడుతుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ తోడుగా ఇస్తే మనుషుల రక్తంలో కర్కుమిన్ 20 రెట్లు పెరిగిందని చూపారు.

మరి మరక ఎందుకంత మొండిది? నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. కర్కుమిన్ అణువు బల్లపరుపుగా, పొడుగ్గా ఉంటుంది. ఒక్కో చివర ఒక్కో బెంజీన్ వలయం, అంటే ఆరు కార్బన్ల ఉంగరం. నూలు పోగుల మధ్య పడుకుని వదలదు. మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బులో రోగి మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ కూడా పోగులుగానే ఉంటుంది. 1880లలో జర్మనీలో నూలు బట్టల కోసం తయారైన కాంగో రెడ్ అనే అద్దకపు రంగుతోనే వైద్యులు నేటికీ అమిలాయిడ్‌ను గుర్తుపడుతున్నారు. కర్కుమిన్ ఆకారం దానికి దగ్గర. 2005లో లాస్ ఏంజెలెస్‌లో ముసలి ఎలుకల రక్తంలోకి కర్కుమిన్ ఎక్కిస్తే, అది మెదడుకు చేరి అక్కడి అమిలాయిడ్ గడ్డలకు అచ్చం మరకలాగే అంటుకుంది. పంచెను పట్టుకున్నదే మెదడునూ పట్టుకుంది!

కానీ ఎలుక వేరు, మనిషి వేరు. 2012లో 36 మంది అల్జీమర్స్ రోగుల మీద, కొందరికి రోజుకు 2 గ్రాములు, కొందరికి 4 గ్రాముల చొప్పున 24 వారాలు పరీక్షించారు. ఫలితం కనబడలేదు. 2 గ్రాముల కర్కుమిన్ అంటే వంటింటి పసుపు 60 గ్రాములకు పైమాటే. 2018లో జబ్బు ఇంకా రానివాళ్లు 40 మందిని తీసుకుని, వాళ్లలో సుమారు సగం మందికి ఒంటికి బాగా పట్టేలా చేసిన కర్కుమిన్‌ను 18 నెలలు ఇస్తే జ్ఞాపకశక్తి కొంత మెరుగుపడింది. ఆశ పుట్టించే మాటే, అయితే 40 మందితో తేలే లెక్క కాదు.

దుగ్గిరాల పసుపు యార్డు దారిలో వెళ్తే గుప్పుమనే వాసన ఉందే, అది కర్కుమిన్‌ది కాదు. పసుపు నూనెలో ఉండే టర్మెరోన్లది. వాటిలో ఆర్-టర్మెరోన్ అనేదానికీ బెంజీన్ వలయం ఉంది. అలాంటివాటిని రసాయన శాస్త్రం ఆరోమాటిక్ అంటుంది, మామూలుగా ఆ మాటకు సువాసన గలదని అర్థం. రసాయన శాస్త్రం లెక్కలోనూ ముక్కు లెక్కలోనూ ఇది ఆరోమాటిక్కే. మెదడు రక్తనాళాల గోడలో కణాలు సందు లేకుండా కుట్టినట్టు ఉంటాయి. చిన్నవీ, కొవ్వులో కరిగేవీ అయితే దూరడం తేలిక. ఆర్-టర్మెరోన్ అణుభారం 216, కర్కుమిన్‌ది 368. 2014లో జర్మనీలో ఆర్-టర్మెరోన్‌ను ఎలుకల మెదడులోకి నేరుగా ఎక్కిస్తే నాడీ మూలకణాల పెరుగుదల హెచ్చింది. యార్డులో వాసన పీలిస్తే అలాగే అవుతుందని మాత్రం ఎవరూ చూపలేదు.

పాలలో చిటికెడు పసుపు మానక్కర్లేదమ్మా. ఘాటు కర్కుమిన్ మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి, వాటివల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. పొడి కంటే కొమ్ములు కొని మర పట్టించుకోండి. రంగు కోసం సీసం క్రోమేట్ కలిపిన పసుపు పట్టుబడిన సందర్భాలున్నాయి. సీసం మెదడుకు విషం. అన్నిటికంటే ముందు అత్తగారికి విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆ లోపాల వల్ల వచ్చే మతిమరుపుకు మందు ఉంది.