కోనసీమలో ఫిల్ము మీద లఘుచిత్రం: అపోహలు - వాస్తవాలు

డిజిటల్ కెమెరాలతో పని నేర్చుకున్న యువ దర్శకులు కొందరు ఈమధ్య తమ లఘుచిత్రాలను 16 ఎం.ఎం. నెగెటివ్ మీద తీయాలని ఉత్సాహపడుతున్నారు. ఛాయాగ్రాహకుడిగా నాకు ఆ ఉత్సాహం నచ్చుతుంది కానీ, దానితోపాటు వచ్చే కొన్ని నమ్మకాలు గోదావరి డెల్టాలో చాలా ఖరీదైనవిగా తేలతాయి.

అపోహ: ఫిల్మును ఫ్రిజ్‌లో పెడితే చాలు, పాడవదు.

వాడని నెగెటివ్‌ను 13 డిగ్రీల సెల్సియస్ లోపు భద్రపరచాలన్నది నిజమే. అయితే మన ప్రాంతంలో వేడితో సమానంగా తేమకూ భయపడాలి. ఫిల్ము మీది ఎమల్షన్ అంటే వెండి లవణాలు కలిసిన జెలటిన్ పొర. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చల్లని క్యాన్‌ను అంతర్వేది గాలిలో వెంటనే తెరిస్తే, ఐస్‌నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టు ఫిల్ము చుట్ట మీద నీరు చేరి మచ్చలు పడే ప్రమాదం ఉంది. అందువల్ల సీలు విప్పకుండా కొన్ని గంటలపాటు దానిని బయటి వేడికి రానివ్వాలి. తెల్లవారుజామున వశిష్ఠ ఒడ్డున తొలి షాట్ ఉంటే, క్యాన్లు ముందురోజు రాత్రే ఫ్రిజ్ నుంచి బయటకు రావాలి. వెలుగు చొరని ఛేంజింగ్ బ్యాగులో చేతులు పెట్టి మ్యాగజైన్ (కెమెరాకు తగిలించే ఫిల్ము పెట్టె) నింపే సహాయకుడు చెమట చేతులను పొడిగా తుడుచుకున్నాకే ఫిల్మును తాకాలి. రేవు ఇసుక రేణువు ఒక్కటి గేటులో (కెమెరాలో ఫిల్ముకు వెలుగు తగిలే చోటులో) చేరినా రీలు పొడవునా గీత పడవచ్చు కనుక, షాట్ ఓకే అనుకున్న ప్రతిసారీ గేటు చూడనిదే కెమెరాను కదపనివ్వను. దర్శకులు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

అపోహ: వెలుగు ఎలా ఉన్నా ఫిల్మే సర్దుకుంటుంది.

ఇది సగం నిజం. మధ్యాహ్నం నీటిపై మెరిసే ఎండను నెగెటివ్ చాలా మృదువుగా భరిస్తుంది. కొబ్బరితోట నీడకు మాత్రం ఆ దయ లేదు. అక్కడ వెలుగు చాలకపోతే నలుపు బూడిదరంగుకు తిరిగి, గ్రెయిన్ (బొమ్మలోని సన్నని రేణువులు) లేచి కనిపిస్తుంది. అందుకే లైట్ మీటర్‌తో నీడనే ముందు కొలిచి, కాస్త ఎక్కువ వెలుగే ఇస్తాను. పగటి దృశ్యాలకు 500 టంగ్‌స్టన్ స్టాక్ (బల్బు వెలుగుకు తయారైన ఫిల్ము) కొనేవారూ ఉన్నారు: పగటి రంగును సరిచేసే 85 ఫిల్టర్ వేస్తే దాని వేగం, అంటే వెలుగును పట్టే శక్తి, 320కి పడిపోతుంది, పైగా మన ఎండకు ఇంకా వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు పేర్చాల్సి వస్తుంది. పగటి వెలుగుకే తయారైన 50 డేలైట్ లేదా 250 డేలైట్ ఉండగా ఆ కష్టం ఎందుకో నాకు అర్థం కాదు.

అపోహ: మానిటర్‌లో కనిపించిందే ఫిల్ము మీద పడుతుంది.

రిఫ్లెక్స్ కెమెరాలో అద్దపు షట్టర్ తిరుగుతూ, వెలుగును ఒక క్షణం ఫిల్ముకూ మరో క్షణం వ్యూఫైండర్‌కూ పంపుతుంది. వ్యూఫైండర్ వెలుగునే వాడుకుని మానిటర్‌కు బొమ్మ పంపే వీడియో అసిస్ట్‌లో మనం చూసేది, కచ్చితంగా చెప్పాలంటే, ఫిల్ము మీద పడని క్షణాలనే. ఫ్రేమింగ్‌కు అది చాలు. ఎక్స్‌పోజర్‌నూ రంగునూ దాన్నిబట్టి నిర్ణయించకూడదు.

అపోహ: లఘుచిత్రానికి నాలుగు రీళ్లు సరిపోతాయి.

సెకనుకు 24 ఫ్రేముల వేగంతో 400 అడుగుల 16 ఎం.ఎం. రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. అదే పొడవు 35 ఎం.ఎం.లో అయితే నాలుగున్నర నిమిషాలకే అయిపోతుంది. పది నిమిషాల చిత్రానికి ప్రతి షాట్ సగటున ఐదు టేకులైనా యాభై నిమిషాల నెగెటివ్ కావాలి. ఆపైన ప్రాసెసింగ్, స్కానింగ్, రవాణా ఖర్చులు ఉంటాయి. రిహార్సల్‌కు మాత్రం ఖర్చు లేదు.

అపోహ: షూటింగ్ ముగిశాక రీళ్లను విమానంలో పంపేయవచ్చు.

చెక్‌ఇన్ సామాను ఎక్స్‌రే ప్రాసెస్ కాని ఫిల్మును పాడుచేస్తుంది. చేతిసంచుల కోసం వచ్చిన కొత్త సీటీ స్కానర్లూ అంతే ప్రమాదం, వేగవంతమైన స్టాక్‌కు మరీను. ముంబయి ల్యాబ్‌కు పంపవలసినప్పుడు నేను రాజమహేంద్రవరంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కే మనిషి చేతికే క్యాన్లు ఇస్తాను. పెద్ద స్టేషన్లలోనూ స్కానర్లు ఉంటాయి కనుక, తెరవకుండా చేత్తోనే తనిఖీ చేయాలని కోరే ఉత్తరం ఇంగ్లిష్, హిందీ భాషల్లో అతని జేబులో ఉండాలి.