పోతపాల గొర్రెపిల్ల గిట్టుబాటవుతుందా? అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ దొడ్డబళ్లాపురం వైపు జీవాలు పెట్టుకున్న మన తెలుగువాళ్లు, ఈనిన గొర్రె చనిపోతే మర్నాడు నాకు ఫోన్ చేసి, “సార్, పిల్లకు పాలు పోసి పెంచితే గిట్టుతుందా?” అని అడుగుతారు. మర్నాడు అడగడంలోనే సగం నష్టం ఉంది.

అపోహ: పాలసీసా ఉంటే ఎప్పుడు మొదలుపెట్టినా పిల్ల బతుకుతుంది.

వాస్తవం: గొర్రెపిల్లకు రోగాలను తట్టుకునే శక్తి ముర్రుపాల నుంచే రావాలి, 24 గంటలు దాటాక పేగులు ఆ శక్తిని దాదాపుగా గ్రహించలేవు. 3 కిలోల పిల్లకు మొదటి రోజు సుమారు 600 మిల్లీలీటర్లు పట్టాలి, తొలి తడవ 2 గంటల లోపే పడాలి. వేరే గొర్రె ముర్రుపాలు పిండి ఫ్రీజర్‌లో దాచుకోనివారికి నేను లాభాల లెక్క చెప్పను.

అపోహ: ఆవుపాలు అరగవు కనుక నీళ్లు కలపాలి.

వాస్తవం: గొర్రెపాలలో వెన్న 6–7 శాతం ఉంటుంది, ఆవుపాలలో 4 శాతానికి అటూ ఇటూ. నీళ్లు కలిపితే పిల్లను పస్తు పెట్టినట్టే. కడుపుబ్బరానికి చాలాసార్లు కారణం ఒక్క తడవలో ఎక్కువ తాగించడమే.

అపోహ: మూడు నెలలు పాలు పోయకపోతే బరువు రాదు.

వాస్తవం: డబ్బు పోయేది ఇక్కడే. లీటరు 45 రూపాయల లెక్కన, రోజుకు లీటరు చొప్పున 90 రోజులకు 4,050 రూపాయలవుతుంది. రెండో వారం నుంచే గుప్పెడు దాణా, శుభ్రమైన నీళ్లు అలవాటు చేస్తే నెమరు పొట్ట త్వరగా ఎదిగి, 45 రోజులకు పాలు మాన్పించవచ్చు, అప్పుడు సగటున 800 మిల్లీలీటర్ల చొప్పున ఖర్చు 1,620. అయితే రోజుకు ముప్పావుగంట పని పడినా 45 రోజులకు దాదాపు 34 గంటలు, అంటే నాలుగు రోజుల పైచిలుకు కూలి. దాన్ని ఎవరూ లెక్కలో రాయరు (మా ఇంట్లో అది మా ఆవిడ పని, కనుక ఉచితమని చాలాకాలం నేనూ అనుకున్నాను). ఒక్క పిల్లకు ఆ కూలి భారమే. నాలుగు పిల్లలున్నా సమయం నాలుగింతలు కాదు.

అపోహ: పరాయి గొర్రె పిల్లను చేరనివ్వదు.

వాస్తవం: ఒంటి పిల్లను ఈనుతున్న, పొదుగు నిండుగా ఉన్న గొర్రె పక్కన కాచుకుని, ఉమ్మనీరు పడగానే తల్లిలేని పిల్లను అందులో తల నుంచి తోక దాకా పొర్లించి దాని మూతి ముందు పెట్టాలి. గొంతులోనే సన్నగా గురగురమంటూ నాకితే పని అయినట్టే. కాలు నేలకేసి కొట్టి కుమ్మబోతే, రెండు మూడు రోజులు కట్టేసి పట్టి తాపిస్తే చాలావరకు దారికొస్తుంది. నా మందలో అదీ కుదరనప్పుడే పాలసీసా బయటికి వస్తుంది.