ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతామా? కొత్తగా బండెక్కినవాళ్ల అపోహలు, షెడ్డులో కనబడే వాస్తవాలు

పోయిన ఆదివారం ఒక కుర్రాడు బండి తోసుకుంటూ షెడ్డుకు వచ్చాడు. వాళ్ల నాన్నగారు చాలా ఏళ్లు వాడిన 100 సీసీ బండి. లైసెన్సు చేతికి వచ్చి నెల కూడా కాలేదట. "మేస్త్రీ గారూ, వెనక బ్రేకు కీచుమంటోంది, సరిగా ఆగడం లేదు. కాస్త బిగించి ఇవ్వండి" అన్నాడు.

బిగించడానికి రాడ్డు మీద మర మిగిలితే కదా! నట్టు చివరిదాకా వచ్చేసింది. చక్రం విప్పి చూస్తే బ్రేకు షూల మీద లైనింగ్ (డ్రమ్మును రాసుకుని బండిని ఆపే పొర) ఆనవాలు కూడా లేదు. వట్టి లోహం డ్రమ్మును గీరుతోంది. లోపల వేలు పెడితే గాడి తగిలింది. అతను అడగకపోయినా అనుమానంతో ముందు చక్రం కూడా విప్పాను. అక్కడి షూలు ఇప్పుడే డబ్బాలోంచి తీసినట్టు ఉన్నాయి. కేబుల్ తుప్పు పట్టి, లీవర్ నొక్కితే మళ్లీ వెనక్కి రావడం లేదు.

"ముందు బ్రేకు అసలు వాడవా తమ్ముడూ?"

"అమ్మో, పల్టీ కొడతాం కదండీ!"

రాజమహేంద్రవరంలో పాతికేళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. ఈ మాట వారంలో రెండు మూడు సార్లయినా వినబడుతుంది. చదువుకున్నవాళ్లూ అంటారు, కొత్త బండి కొన్న ఉద్యోగులూ అంటారు. ఇంజను గురించీ మైలేజీ గురించీ ఎన్ని తప్పుడు నమ్మకాలున్నా పోయేది డబ్బే. దీనితో కాళ్లూ చేతులూ పోతాయి. అందుకే ఇవాళ ఎక్కువగా దీని గురించే రాస్తున్నాను.

ఈ భయం ఊరికే పుట్టలేదు. చిన్నప్పుడు సైకిలు ముందు బ్రేకు గభాలున పట్టి బోర్లా పడినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సైకిలు తేలిక, మనం దాని మీద ఎత్తున కూర్చుంటాం, కాబట్టి పడతాం. వంద కిలోలు దాటిన బండి, చక్రాల మధ్య కిందికి అమర్చిన ఇంజను, పొడుగాటి వీల్‌బేస్ (చక్రాల మధ్య దూరం) ఉన్నచోట లెక్క వేరు.

రెండో కారణం చాలామందికి తట్టదు. అది లైసెన్సు పరీక్షలో ఆర్టీవో ట్రాక్ మీద వేసే 8. అక్కడ బండి నడిచే మనిషి వేగంతో పోవాలి. క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు మీద పాదం ఆనించి తిప్పాలి. హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి ఉండగా ముందు బ్రేకు పడితే బండి అటే ఒరిగిపోతుంది, కాలు నేల మీద పడుతుంది, ఫెయిల్. అందుకని నేర్పేవాళ్లు "ముందు బ్రేకు జోలికి పోకు" అని పదేపదే చెబుతారు. ఆ ట్రాక్ వరకు అది నూటికి నూరుపాళ్లు సరైన సలహా. కానీ పరీక్ష పాసైనవాడికి గేటు దాటాక అది మరచిపొమ్మని చెప్పేవాళ్లు లేరు. నడక వేగానికి పనికొచ్చే పద్ధతితో జాతీయ రహదారి ఎక్కేస్తున్నారు.

ఆ కుర్రాడికి కొత్త షూలు, కొత్త కేబుల్ వేశాక షెడ్డు ముందే ఒక చిన్న పని చేయించాను. ఎవరైనా చేసి చూడవచ్చు. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, బండి పక్కన నడుస్తూ తొయ్యండి. ముందు లీవర్ మెల్లగా నొక్కండి. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకున్న స్ప్రింగు గొట్టాలు) కిందికి కుంగి, ముందు టైరు నేలకు అదుముకుని, బండి నిలబడిపోతుంది. ఇప్పుడు అదే వేగంతో తోస్తూ, వేరొకరి చేత వెనక పెడల్ నొక్కించండి. టైరు జరజరా ఈడ్చుకుపోయి అప్పుడు ఆగుతుంది.

డ్రైవరు బ్రేకు వేస్తే బస్సులో నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలుతారు కదా, బండి బరువు కూడా అంతే. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వెళుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన టైరుకు రోడ్డు మీద పట్టు ఉండదు. గట్టిగా తొక్కితే తిరగడం మానేసి జారుతుంది. పొడి రోడ్డు మీద వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే, రెండూ సరిగా వాడినవాడికంటే దాదాపు రెట్టింపు దూరం పోయాక గానీ ఆగరు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతాం. ఆ రెట్టింపు దూరంలో ఒక ఆటో పడుతుంది, ఒక చిన్నపిల్ల పడుతుంది.

ఇదంతా నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక కస్టమరు బండిని ట్రయల్ కోసం కడియం వైపు కాలువ రోడ్డు మీదికి తీసుకెళ్లాను. నర్సరీ మొక్కలు ఎక్కించుకున్న వ్యాను ఒకటి ఉన్నట్టుండి అడ్డంగా తిరిగింది. పెడల్ మీద లేచి నిలబడ్డట్టే తొక్కాను. వెనక భాగం పక్కకు వచ్చేసింది, బండి పడుకుంది, నేను దాని వెనక జారాను. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. మా గురువుగారు వచ్చి ముందు నన్ను లేపి కూర్చోబెట్టారు. తర్వాత రోడ్డు మీద టైరు గీసిన నల్లటి చారను అడుగులతో కొలిచారు. పదిహేను అడుగులు వచ్చింది. "కుడిచెయ్యి ఎందుకురా నీకు? ఇందులో సగంలో ఆగేవాడివి" అన్నారు. బండి గలవాడికి మడ్‌గార్డు డబ్బులు రెండు నెలల పాటు కట్టాను.

అలవాటు ఎలా చేసుకోవాలంటే, పొద్దున్నే ఖాళీగా ఉన్న మైదానానికి వెళ్లండి. హెల్మెట్టు, బూట్లు తప్పనిసరి. హ్యాండిల్ తిన్నగా ఉంచి, 20 కిలోమీటర్ల వేగంలో రెండు వేళ్లతో లీవర్‌ను నిమ్మచెక్క పిండినట్టు పిండండి. మొదట మెత్తగా నొక్కాలి, ఫోర్కు కుంగినట్టు తెలిశాక ఒత్తిడి పెంచాలి. పాదం వెనక పెడల్ మీద తేలిగ్గా ఆనించాలి. ముందు బ్రేకుతో పడినవాళ్లలో చాలామంది భయంతో ఒక్కసారిగా గుంజి పట్టినవాళ్లే. మరో మాట, బ్రేకు కంటే ముందే క్లచ్ పట్టెయ్యకండి. పడితే ఇంజను లాగి ఉంచే సాయం పోతుంది. బండి ఆగబోయే ముందు పడితే చాలు. 20లో కుదిరాక 30, తర్వాత 40.

మా వీధిలో ఒక టీచరు గారు నలభై దాటాక స్కూటరు నేర్చుకున్నారు. ఇంట్లో మగవాళ్లు పక్కన నిలబడి అరుస్తుంటే చేతులు వణికేవి. ఒంటరిగా మైదానానికి వెళ్లమన్నాను. నాలుగు ఆదివారాలు వెళ్లారు. ఇప్పుడు వర్షంలో కూడా బడికి స్కూటరు మీదే. భయపడేవాళ్లను ఎగతాళి చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. భయపడ్డవాళ్లే జాగ్రత్తగా నేర్చుకుంటారు.

ముందు బ్రేకు గట్టిగా పట్టకూడని చోట్లూ ఉన్నాయి. వంపులో బండి వాలి ఉన్నప్పుడు, ఇసుక మీద, పేడ మీద, తడిసిన తెల్లగీతల మీద పట్టకూడదు. మా గోదావరి జిల్లాల్లో కోతలయ్యాక ధాన్యం సగం రోడ్డు మీదే ఆరబోస్తారు. ఆ గింజల మీద ఏ టైరూ నిలవదు. ఇలాంటి చోటుకు చేరకముందే, రోడ్డు బాగున్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరు మీద బరువు పెరుగుతుంది కాబట్టి ఆ బ్రేకు మామూలు కంటే ఎక్కువ పనిచేస్తుంది. అప్పుడు కూడా రెండూ వాడాలి.

2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు), అంతకు లోపలివాటికి సీబీఎస్ (రెండు బ్రేకులను కలిపే ఏర్పాటు) తప్పనిసరి చేశారు. సీబీఎస్ ఉన్న బండిలో వెనక బ్రేకు నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. "ఆ కేబుల్ వదులు చేసెయ్యండి, ముందుది దానంతట అదే పడుతోంది" అని అడిగేవాళ్లున్నారు. చెయ్యను. ఎవరు చేసినా చేయించుకోకండి. సింగిల్ ఛానల్ ఏబీఎస్, అంటే ఒక్క చక్రానికే పనిచేసేది, ఉన్న బండిలో అది సాధారణంగా ముందు చక్రానికే ఉంటుంది. అంటే మీరు భయపడే చక్రం లాక్ కాకుండా యంత్రం చూసుకుంటోంది, మీరు నమ్ముకున్న వెనక చక్రానికి ఆ రక్షణ లేదు! ఏబీఎస్ పనిచేసేటప్పుడు లీవర్ వేళ్ల కింద టకటకా కొట్టుకుంటుంది. ఏదో విరిగిపోయిందనుకుని వదిలేస్తారు. వదలకండి. తాళం తిప్పగానే వెలిగే ఏబీఎస్ దీపం బండి కాస్త కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే చూపించండి.

బ్రేకును చూసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. డ్రమ్ బ్రేకు అయితే ప్లేటు మీద బాణం గుర్తు చాలా బండ్లకు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం ఎదుటి గీత దగ్గరికి వచ్చిందంటే షూలు అయిపోయినట్టే. డిస్క్ అయితే ప్యాడ్ల మందం టార్చి వేసి చూడవచ్చు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 3 రకం వెయ్యాలో డాట్ 4 రకం వెయ్యాలో బండి మీదున్న బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఒకాయన డిస్క్ చప్పుడు చేస్తోందని కొబ్బరినూనె రాశాడు! మొదటి మలుపులోనే గోడకు తగిలి వచ్చాడు. ప్యాడ్లు నూనె పీల్చేశాయి, పారేయడం తప్ప దారి లేకపోయింది. చైనుకు స్ప్రే కొట్టేటప్పుడు కూడా వెనక డిస్క్ మీద, టైరు మీద పడకుండా ఒక పాత గుడ్డ అడ్డం పెట్టండి.

మిగతా అపోహలు త్వరగా కానిచ్చేస్తాను.

ఇంజను ఆయిల్ నల్లబడింది కాబట్టి చెడిపోయిందంటారు. మసిని తనలోకి తీసుకోవడం దాని పని, అందుకే నల్లబడుతుంది. రంగు చూసి కాకుండా మాన్యువల్లో చెప్పిన కిలోమీటర్లు చూసి మార్చండి. అయితే కారుకు పోయగా మిగిలిన ఆయిల్ గేరు బండికి పొయ్యకండి. చాలా బండ్లలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్లో జారుడు పెంచే మందులు కలిసి ఉంటే క్లచ్ జారుతుంది, ఇంజను అరుస్తుంది గానీ బండి లాగదు. ఆయిల్ డబ్బా మీద జాసో (బండ్ల ఆయిల్‌కు జపాన్ వాళ్ల ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసుకోండి. గేర్లు లేని స్కూటరుకు ఎంబీ.

టైరులో గాలి రాయిలా ఉంటే మైలేజీ వస్తుందనేది ఇంకొకటి. రోడ్డును పట్టుకునే భాగం తగ్గిపోతే నేను పైన రాసిన బ్రేకు కథంతా వృథా. చైను కవరు మీదో వెనక చక్రాన్ని పట్టుకున్న స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు ఉంటుంది, టైరు చల్లగా ఉన్నప్పుడు దాని ప్రకారం పెట్టించండి.

ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) వచ్చింది కాబట్టి స్నేహితుణ్ని ఎక్కించుకోవచ్చా అంటే కూడదు. నేర్చుకునే దశలో వెనక కూర్చోదగినది లైసెన్సు ఉండి నేర్పే మనిషి మాత్రమే. తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ గుర్తు ఉండాలి. ఎల్‌ఎల్‌ఆర్ గడువు 6 నెలలు, తీసుకున్న 30 రోజుల తర్వాత గానీ పరీక్షకు వెళ్లలేరు. 29వ నాడు చేయించిపెడతామని డబ్బులు అడిగేవాళ్లను నమ్మకండి.

పదహారేళ్లకు గేర్లు లేని స్కూటరు నడపవచ్చనే మాట తల్లిదండ్రులను ముంచుతోంది. చట్టం చెప్పింది 50 సీసీ దాటని, గేర్లు లేని బండి గురించి. మీ ఇంట్లో ఉన్నది 110 సీసీయో 125 సీసీయో. దానికి 18 నిండాల్సిందే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకులకు గానీ బండి యజమానికి గానీ మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. పైగా ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

చివరిగా, "నా బండికి ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది" అనే ధీమా. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. అది మీవల్ల ఎదుటివాళ్లకు కలిగే నష్టానికి. మీ బండి రిపేరుకు డబ్బులిచ్చే భాగం చాలా పాలసీల్లో ఒక్క ఏడాదితోనే ముగుస్తుంది, ఏటా కట్టుకోవాలి. రెండో ఏడాదిలో ఫోర్కు వంగిన బండి తెచ్చి, బిల్లు చూసి షెడ్డు అరుగు మీద కూలబడినవాళ్లను చూశాను. పాలసీ కాగితంలో రెండు వేర్వేరు తేదీలు ఉంటాయి. అర్థం కాకపోతే బండి సర్వీసుకు తెచ్చేటప్పుడు ఆ కాగితం కూడా తెండి, చదివి చెబుతాను.