బీరకాయ ముక్కలు ఏరిపెట్టిన మనుమడికి, అతని అక్కకు

చిరంజీవులైన మనుమడికి, మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ నానమ్మా క్షేమం, ఉభయకుశలోపరి.

మొన్న వేసవి సెలవుల్లో చిన్నవాడు బీరకాయ పప్పులోని ముక్కలన్నీ ఏరి, కంచం అంచున వరుసగా పేర్చి, "ఇవి తినకపోతే ఏమవుతుంది తాతయ్యా?" అని అడిగాడు. బలం రాదని చెప్పి ఊరుకున్నాను. ఒక పూట కూర మానేసినవాడు మర్నాడు కూడా ఎప్పటిలాగే పరుగులు తీస్తాడు గనుక, అది సరైన జవాబు కాదని నాకు అప్పుడే తెలుసు. అసలు జవాబు కాస్త పొడవైనది కాబట్టి ఉత్తరంలో వ్రాస్తున్నాను.

పూర్వం ఇంగ్లండు నుంచి దూరదేశాలకు బయలుదేరిన నావికులు నెలల తరబడి ఉప్పులో ఊరవేసిన మాంసం, ఎండు బిస్కెట్లు తిని గడిపేవారు. కడుపు నిండేది, కానీ కొన్నాళ్లకు చిగుళ్లు వాచి రక్తం కారేది, పళ్లు కదిలేవి, ఎప్పుడో మానిన గాయాలు సైతం తిరిగి రేగేవి. ఆ జబ్బు పేరు స్కర్వీ. 1747లో సాలిస్‌బరీ అనే ఓడ మీద జేమ్స్ లిండ్ అనే వైద్యుడు పన్నెండుమంది రోగులను ఇద్దరేసి చొప్పున ఆరు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు సముద్రపు నీరు, ఒక జట్టుకు వెనిగర్, ఇలా తలొక మందూ ఇచ్చి చూశాడు. రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న ఇద్దరే అందరికన్నా ముందు తేరుకున్నారు. వారిలో ఒకడు ఆరు రోజులకే పనిలోకి దిగాడు. ఇంత తేటగా కనిపించినా, బ్రిటిష్ నౌకాదళం తన నావికులకు నిమ్మరసం ఇమ్మని ఉత్తర్వు చేయడానికి 1795 దాకా పట్టింది. చెప్పగానే వినకపోవడం పిల్లలకే ఉన్న గుణం కాదన్నమాట.

ఆ పండ్లలో ఉన్నది విటమిన్ సి. దానిని మన శరీరం సొంతంగా తయారుచేసుకోలేదు, ఎక్కువకాలం దాచుకోనూలేదు. అందుకే ఎప్పటికప్పుడు తినవలసిందే. మన పెరటి జామకాయలో అది నారింజలో కంటే సుమారు నాలుగింతలు ఉంటుంది. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా అదే సాయపడుతుంది గనుక, తోటకూర వేపుడు మీద నానమ్మ నిమ్మచెక్క పిండడం రుచి కోసం మాత్రమే కాదు. మునగాకులో, క్యారెట్‌లో, పండిన మామిడిలో, బొప్పాయిలో ఉండే కెరోటిన్ నుంచి మన శరీరం విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. అది బాగా తగ్గితే మసక వెలుతురులో చూపు ఆనదు. దానినే రేచీకటి అంటారు. కెరోటిన్ ఒంట బట్టాలంటే కొంచెం నూనెగానీ నెయ్యిగానీ తోడు కావాలి.

ఎంత తినాలంటారా? పదేళ్లు నిండినవారు కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వారు 350 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బంగాళాదుంప ఆ లెక్కలోకి రాదు. చిన్నవాడు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఇక రుచి సంగతి. విషపు మొక్కలు చాలావరకు చేదుగా ఉంటాయి గనుక చేదును చూసి వెనకడుగు వేయడం మనిషికి పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. అందులో మీ తప్పేమీ లేదు. అయితే ఏ కూరైనా నాలుకకు అలవాటు కావడానికి ఎనిమిది, పది సార్లయినా రుచి చూడవలసి రావచ్చు, మనమేమో మొదటిసారికే తీర్పు చెప్పేస్తాం. నా చిన్నప్పుడు మా అమ్మ కాకరకాయలను చక్రాలుగా తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి, అరగంటయ్యాక గట్టిగా పిండి, పలుచని మజ్జిగలో ఉడికించి, నూనెలో మగ్గించి, చివర చిన్న బెల్లంముక్క వేసేది. అంత చేసినా నేను ముఖం చిట్లించేవాణ్ణి. ఆమె ఒక్క చక్రం మాత్రం నేతి అన్నంలో నలిపి పెట్టేది, రెండోదానికి బలవంతపెట్టేది కాదు. ఆ చేదు నాకు ఏ రోజున ఇష్టమైందో ఇప్పటికీ చెప్పలేను.

అందుచేత బీరకాయను చిన్నవాడు వారానికి ఒకసారి, ఒక్క ముక్క చొప్పున పదిసార్లు నమిలి, అప్పటికీ నచ్చకపోతే నాకు వ్రాయవచ్చు. ఆపైన నేను అడగను. అక్క లెక్క వేయాలి, దొంగలెక్క చెప్పరాదు. పెరటి జామ ఈసారి విరగకాసింది. రామచిలుకలు వాటి వాటా అవి తీసుకుంటున్నాయి గనుక, మీ కోసం అయిదు కాయలకు గుడ్డలు కట్టి ఉంచాను.

ఇట్లు,
మీ తాతయ్య