శాచురేషన్ 80 ఉన్నా ఆక్సిజన్ ఎందుకు తీసేస్తారు?

ఉప్పల్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వాళ్ళ చెల్లెలి బాబు పుట్టి వారమే అయింది. గుండెలో ఎడమ వైపు సరిగా ఎదగలేదట, ఐసీయూలో ఉన్నాడు. "కోవిడ్ రోజుల్లో రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 94 శాతం కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు కదండీ. మా వాడికి మానిటర్ మీద 80 చూపిస్తోంది. ఉన్న ఆక్సిజన్ కూడా తీసేసి, ఈ 80 చాలమ్మా అంటున్నారు. టెన్షన్‌తో మాకు నిద్ర పట్టడం లేదు."

బాబును చూడకుండా ఆ వైద్యం మంచిచెడ్డలు నేను చెప్పకూడదు. ఆ మాట వెనక ఉన్న శాస్త్రం మాత్రం చెప్పగలను. పిల్లల ఐసీయూ పరిశోధన మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

గుండెకు నాలుగు గదులు, కవాటాలు ఇవన్నీ బడిలో చదివినవే, వదిలేద్దాం. బడిలో గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. మన గుండెలో ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటిగా అమర్చిన రెండు పంపులు. కుడి పంపు ఊపిరితిత్తులకు ఎంత తోస్తే, అంతా తిరిగొచ్చి ఎడమ పంపు ద్వారా ఒంటికి వెళ్ళాల్సిందే. మధ్యలో వాటా పంచుకోవడం లేదు. అందుకే మనం ఆక్సిజన్ మాస్క్ పెట్టుకున్నా ఊపిరితిత్తులు ఒంటి రక్తాన్ని లాక్కోవు.

ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తం తోసే గది, ఎదగని ఇలాంటి పిల్లల్లో పంపు ఒక్కటే. ఒకే బోరు మోటారు, రెండు మడులు అనుకోండి. మోటారు పోసే నీళ్ళు కాలువలో కొంత దూరం వచ్చాక రెండుగా చీలతాయి. ఒక పాయ ఊపిరితిత్తుల మడికి, ఇంకో పాయ ఒంటి మడికి. ఏ వైపు మడవ ఎంత తీస్తే నీళ్ళు అటు అంత పారతాయి. మోటారు శక్తి పెరగదు కాబట్టి ఒక మడవ వెడల్పు చేస్తే రెండోది ఎండాల్సిందే.

ఊపిరితిత్తుల వైపు మడవను తీసేది ఆక్సిజన్. గాలిలో ఆక్సిజన్ తగ్గితే అక్కడి రక్తనాళాలు బిగుసుకుంటాయని 1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద చూపించారు. పెరిగితే అవి వదులవుతాయి. ఒంట్లోని మిగతా నాళాలు దీనికి తలకిందులు. ఆక్సిజన్ తగ్గినచోట అవి వెడల్పవుతాయి.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. ఇది లెక్కగా చూస్తేనే నమ్మకం కుదురుతుంది. ఆ ఒక్క జఠరిక మొత్తం 4 పాళ్ళ రక్తం తోస్తోందనుకుందాం. ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్ 40. ఊపిరితిత్తుల నుంచి రక్తం ఆక్సిజన్‌తో 100 శాతం నిండి వస్తుంది.

మొదట రెండు మడవలూ సమానం. ఊపిరితిత్తులకు 2, ఒంటికి 2. ఊపిరితిత్తుల్లో 2 పాళ్ళు కలిసి 40 తెచ్చుకోవాలి, అంటే పాలుకు 20. లోపలికి వెళ్ళేది 80 శాతం, బయటికి వచ్చేది 100. ధమనిలో ఉన్నదీ అదే 80. ఒంటికి చేరేది 2 ఇంటూ 80, అంటే 160. అందులో 40 వాడుకుంటే 120 మిగులుతుంది, అంటే సిరల్లో పాలుకు 60.

ఇప్పుడు ఎవరో కంగారుపడి మాస్క్ పెట్టారు. ఊపిరితిత్తుల వైపు 3, ఒంటికి 1. ఇటు 3 పాళ్ళు కలిసి 40 తెస్తాయి, పాలుకు 13. కాబట్టి ధమనిలో 87. మానిటర్ చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఒంటికి చేరేది 1 ఇంటూ 87. 160 ఉండేది 87కి పడిపోయింది! సిరల్లో మిగిలేది 47.

వ్యతిరేక దిశలో ఊపిరితిత్తులకు 1, ఒంటికి 3 అయితే? ధమనిలో 60. ఒంటికి 180 చేరుతుంది కదా అని సంతోషించడానికి లేదు. అంత తక్కువ నిండిన రక్తంలో ఆక్సిజన్ పీడనం పడిపోతుంది, కణాల్లోకి దాన్ని నెట్టే బలం ఉండదు. సిరల్లో పాలుకు మిగిలేది మళ్ళీ 47.

ఈ లెక్క మొదటిసారి పూర్తయినప్పుడు నేను దాన్ని తిరగేసి మళ్ళీ చేశాను. మానిటర్ మీద 60, 87. ఒకటి చూస్తే భయం, ఒకటి చూస్తే ధైర్యం. ఒంటి అవసరం తీరాక ఎంత మిగిలిందో చెప్పే సిరరక్తాన్ని అడిగితే రెండూ ఒకటే, 47. మధ్యలో 80 దగ్గరే అది 60కి చేరింది. ఇలాంటి పిల్లలకు 75 నుంచి 85 మధ్య ఉంచాలని ఐసీయూల్లో పెట్టుకునే హద్దు వెనక ఉన్నది ఈ లెక్కే. అందుకే డాక్టర్లు శాచురేషన్ ఒక్కటే చూడరు. ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే లాక్టేట్ పెరుగుతోందా, మూత్రం వస్తోందా, కాళ్ళు చల్లబడుతున్నాయా అని చూస్తారు. ఒంటి మడి ఎండుతోందని చెప్పేవి అవే. డాక్టరు గారిని అడగాల్సింది కూడా ఇదే: "మా వాడికి మీరు ఎంత హద్దు పెట్టుకున్నారు, లాక్టేట్ ఎలా ఉంది?"

పదో తరగతి భౌతిక శాస్త్రంలో నిరోధాల సమాంతర సంధానం ఉంటుంది. జీవశాస్త్రం టీచరు ఆ పాఠాన్ని గుండె పాఠం పక్కన పెట్టి చెబితే ఇదంతా పిల్లలకే తెలిసిపోతుంది. రెండు సబ్జెక్టుల మధ్య గోడ కట్టి మనం చాలా పోగొట్టుకుంటున్నాం.

ఆ మడవకు రెండో చెయ్యి కూడా ఉంది, కార్బన్ డయాక్సైడ్. అది పెరిగితే ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుంటాయి, తగ్గితే వదులవుతాయి. అంటే సహాయం చేస్తున్నామనుకుంటూ చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్‌ను గబగబా నొక్కినా ఒంటి రక్తం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2001లో ఫిలడెల్ఫియా బృందం వెంటిలేటర్ మీదున్న 10 మంది పసికందుల్లో రెండు పద్ధతులు పోల్చింది. ఒకటి, నత్రజని కలిపి ఆక్సిజన్‌ను గాలిలోని 21 శాతం కంటే తక్కువకు, 17 శాతానికి దించడం. రెండోది, పీల్చే గాలిలో 2.7 శాతం కార్బన్ డయాక్సైడ్ కలపడం. రెండూ ఊపిరితిత్తుల వైపు ప్రవాహాన్ని తగ్గించాయి. ఒంటికి ఆక్సిజన్ చేరడాన్ని మెరుగుపరిచింది మాత్రం రెండోదే.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే అదే బిడ్డకు కొన్ని నెలల తర్వాత గ్లెన్ ఆపరేషన్ చేస్తే సూత్రం తిరగబడుతుంది. అప్పుడు తల, చేతుల నుంచి వచ్చే సిరరక్తాన్ని నేరుగా ఊపిరితిత్తుల ధమనికి కలుపుతారు. అంటే ఊపిరితిత్తులకు రక్తం మెదడు మీదుగా వస్తుంది. వెంటిలేటర్ వేగం పెంచి కార్బన్ డయాక్సైడ్ తగ్గిస్తే మెదడు నాళాలు బిగుసుకుంటాయి, ఊపిరితిత్తులకు వచ్చే రక్తం తగ్గుతుంది, శాచురేషన్ పడిపోతుంది. ఎక్కువ గాలి కొడితే ఆక్సిజన్ తగ్గడం!

ఇది చదివి న్యుమోనియాతో డొక్కలెగరేస్తున్న బిడ్డకు ఆక్సిజన్ వద్దనే ఆలోచన ఎవరికీ రాకూడదు. ఆ బిడ్డకు అదే ప్రాణం. రెండు పంపులున్న గుండెకూ ఒక్క పంపు గుండెకూ ఉన్న తేడా గురించే నేను మాట్లాడుతున్నది.

వెయ్యి మంది పుడితే ఎనిమిది తొమ్మిది మందికి పుట్టు గుండె లోపాలుంటాయి. పెదాలు నీలంగా మారితే దిష్టి అనో, బాలారిష్టం అనో, కడుపుతో ఉండగా గ్రహణం చూసిందనో తల్లిని తప్పుపట్టే ఇళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఆయాసపడే పసివాడికి కడుపు మీద వాతలు పెట్టే ఊళ్ళూ ఉన్నాయి. నాకు బాధే కాదు, కోపం కూడా వస్తుంది, ఎందుకంటే ఈ లోపాల్లో కొన్నిటిలో గంటలే విలువైనవి. కడుపులో ఉన్నప్పుడు తెరుచుకుని ఉండే డక్టస్ అనే నాళం పుట్టాక మూసుకుపోతుంది. కొందరికి ఒంటికి రక్తం చేరేదే ఆ దారిన. 1975లో న్యూజీలాండ్ వైద్యులు ప్రోస్టాగ్లాండిన్ ఇ1 మందుతో దాన్ని తెరిచి ఉంచవచ్చని చూపించారు. జిల్లా నుంచి హైదరాబాద్ దాకా అంబులెన్స్‌లో బిడ్డ చేరగలగడానికి చాలాసార్లు ఆ మందే కారణం. అది ఊపిరిని ఆపేయగలదు కూడా, కాబట్టి తెలిసినవాళ్ళు పక్కన ఉండాలి.

మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరిని చూడాలా, గుండెను చూడాలా అన్న పేచీకి మన నగరంలో పాత చరిత్ర ఉంది. 1888, 1889ల్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో, బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, క్లోరోఫామ్ అనే మత్తుమందును పరీక్షించిన హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చారు. మత్తు ఇవ్వడంలో పేరుపొందిన తొలి మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ లారీ దగ్గరే నేర్చుకున్నారు. కమిషన్ల వాళ్ళు వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్‌తో ముందు ఆగేది ఊపిరే, నాడిని గమనించనక్కర్లేదు అని తేల్చారు. అది తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. తేలికపాటి క్లోరోఫామ్ మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అంత శ్రమపడి, అంత నిజాయితీగా కొలిచినవాళ్ళు కూడా ఒక్క సూచిక చాలనుకున్నారు.

అందుకే యంత్రాంగం ఎంత అందంగా అర్థమైనా పిల్లల్లో పోల్చి చూడాల్సిందే. గుండె ఆపరేషన్ సమయంలో హార్ట్-లంగ్ మెషీన్‌లోకి నైట్రిక్ ఆక్సైడ్ వాయువు కలిపితే మేలని గట్టి కారణాలే ఉండేవి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, నెదర్లాండ్స్‌లలో రెండేళ్ళ లోపు 1371 మంది మీద చూస్తే వెంటిలేటర్ అక్కర్లేని రోజుల్లో తేడా రాలేదు. 2022లో ఆ ఫలితం అచ్చయింది. ఇంగ్లాండ్, స్కాట్లాండ్‌ల ఆక్సీ-పీఐసీయూ అధ్యయనం దీనికి భిన్నం. వెంటిలేటర్ మీదున్న 2040 మంది పిల్లల్లో సగానికి 88 నుంచి 92, మిగతా సగానికి 94 పైన హద్దు పెట్టారు. తక్కువ హద్దు పెట్టినవాళ్ళకు చిన్నదే అయినా మేలు కనిపించింది. సరిచేయని గుండె లోపాలున్న పిల్లలను అందులో చేర్చలేదు. అంటే ఆ సంఖ్యలను మన ఒక్క పంపు పిల్లలకు తెచ్చి అతికించకూడదు.

ఇంతకీ ఆ 80 అయినా నిజంగా 80యేనా? శాచురేషన్ చూపే క్లిప్, అంటే పల్స్ ఆక్సీమీటర్, 1974లో జపాన్‌లో తకువో అవోయాగి కనిపెట్టిన పద్ధతి మీద నడుస్తుంది. దాని అంకెలను సరిచూసేది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళ మీద, శాచురేషన్‌ను 70 దాకా దించి. అంతకంటే కింద అది చూపేది అంచనా. పైగా నల్లజాతి రోగుల్లో దాగి ఉన్న ఆక్సిజన్ కొరతను ఈ యంత్రం తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేదని 2020లో అమెరికా వైద్యులు చూపించారు. చామనఛాయ, నలుపు ఒంటి పిల్లలు, అందులోనూ శాచురేషన్ 70ల్లో తిరిగే పిల్లలు మన ఐసీయూల్లో నిండా ఉన్నారు. వాళ్ళకు రోజూ ఎలాగూ ధమని రక్తం తీసి పరీక్షిస్తారు. ఆ నమూనాను, రక్తంలోనే నేరుగా శాచురేషన్ కొలిచే కో-ఆక్సీమీటర్‌తో కొలిచి, తీసిన నిమిషంలో క్లిప్ ఎంత చూపిందో, బిడ్డ ఒంటి రంగు ఏమిటో పక్కన రాసిపెడితే చాలు. అదనంగా ఒక్క సూది కూడా గుచ్చకుండా, 80 అని యంత్రం చూపినప్పుడు మన పిల్లల రక్తంలో ఎంత ఉందో తేల్చవచ్చు.